ఉండాం, అయ్యోరూ

నా కూతురి చేతిలో రెండు అన్నం మూటలు కనిపించాయి. ఏదో ప్రమాదం జరిగిందని నాకు తోచింది ఆ క్షణంలోనే.

పిల్లలు దుర్గం కొండ దిగి వస్తున్నారు. పొద్దున్నే బడి అయ్యవారు వాళ్లకు కోట చూపించడానికి పైకి తీసుకువెళ్లారు. కొండ కింద, పాడుబడిన గుమ్మం దగ్గర, తల్లులం కొందరం నీళ్ల బిందెలు పెట్టుకొని కాచుకొని ఉన్నాం. మా ఉదయగిరిలో పొద్దు తొందరగా కొండ వెనక్కి పోతుంది. అప్పటికే నీడ బండల మీద నుంచి ఊరి వైపు దిగుతోంది. పిల్లలు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకొని, దుమ్ముకొట్టుకొని, పాట పాడుకుంటూ వచ్చారు. నా కూతురికి పదేళ్లు. ఒక చేత్తో తనకు అప్పగించిన చిన్నపిల్లను పట్టుకొంది. భుజాన తన మూట ఉంది. రెండో చేతిలో తమ్ముడి మూట ఉంది.

మావాడికి ఆరేళ్లు. వాడు తన మూటను ఎవరికీ ఇవ్వడు. తినగా మిగిలిన బెల్లం ముక్కను దాని కొసకు ముడివేసుకొని, ఇంటికి చేరేదాకా చంకలోనే పెట్టుకుంటాడు. నేను అడిగినా ఇవ్వడు.

"తమ్ముడేడే?" అన్నాను.

"ఎనక వస్తుండాడమ్మా, జోడీతో."

"మూట నీకెందుకిచ్చాడు?"

"చేతులు కాళీగా ఉండాలంట." ఎందుకు ఖాళీగా ఉండాలో దానికి తెలియదు. బిందె దగ్గర కూర్చొని నీళ్లు తాగడం మొదలుపెట్టింది.

అయ్యవారు ఈల వేసి అందరినీ గుమ్మం ముందు నిలబెట్టారు. ఒక్కొక్క జోడీ పేరూ పిలిచారు. "వేప!" అంటే "ఉండాం అయ్యోరూ!" అని ఒక కేక. "పాలపిట్ట!" అంటే ఇంకో కేక. "కొరమీను!" అన్నారు. ఎవరూ పలకలేదు. కొరమీను మావాడి జోడీ. అయ్యవారు మళ్లీ పిలిచి, తలెత్తి కొండ వైపు చూశారు.

ఆ సాయంత్రం సంగతి చెప్పాలంటే ఈ జోడీల సంగతి ముందు చెప్పాలి. ఇప్పుడు వేసవి సెలవులు. పిల్లలిద్దరూ ఆరుబయట నిద్రపోతున్నారు. ఈ ఏడు మా బడిలో జరిగినవి మరిచిపోకముందే రాసుకుందామని లాంతరు దగ్గర కూర్చున్నాను.

నేను నెల్లూరులో పుట్టి, మద్రాసులో కాలేజీ చదువు చదివి, పెళ్లి చేసుకొని ఈ ఊరు వచ్చాను. మద్రాసులో ఒంటరిగా ట్రాముల్లో తిరిగినదాన్నే. పిల్లలు పుట్టాక ఆ ధైర్యం ఎటు పోయిందో తెలియదు. బావి కనిపిస్తే నా బిడ్డ అందులో పడినట్టే ఉంటుంది. బండి కనిపిస్తే చక్రం కిందే ఉన్నట్టుంటుంది. మా ఆయన ఉద్యోగం తాలూకా కచేరీలో. నెలలో సగం రోజులు క్యాంపుల్లోనే ఉంటారు. ఇంట్లో నేనూ మా అత్తగారూ పిల్లలూ. "నీ బిడ్డలకి ఏమన్నా అయ్యేలోపల నీకే ఏమన్నా అవుతుందే," అని మా అత్తగారు నన్ను ఎగతాళి చేస్తుంటారు.

మా వీధి చివరి బడికి రెండు గదులు, ఒక వరండా. ఐదు తరగతులు, ఒక్క అయ్యవారు. నిరుడు జూన్ లో పాత అయ్యవారి స్థానంలోకి ఈయన వచ్చారు. ఆత్మకూరు వైపు మనిషి. బస్సు మీద సైకిలు, చేతిలో రేకు పెట్టెతో దిగారు. సన్నగా, పొట్టిగా ఉంటారు కానీ గొంతు మాత్రం రెండు వీధులు దాటి వినిపిస్తుంది. ఆయన వచ్చిన వారం బడిలో సగం చాపలు ఖాళీగా ఉన్నాయి. కొందరు మేకల వెంట, కొందరు కలుపుకి, కొందరు చెరువులో చేపలకి పోయేవారు. ఇంతకుముందు ఉన్నవాళ్లు బెత్తం పుచ్చుకొని ఇళ్ల మీదికి పోయేవారు, లేదంటే ఊరుకునేవారు. ఈయన ఆ రెండూ చేయలేదు. ప్రతి పెద్దబిడ్డకూ ఒక చిన్నబిడ్డను జోడీ కట్టారు. జోడీకి పేరు వాళ్లే పెట్టుకోవాలి. పొద్దున ఆ పేరు పిలుస్తారు. పెద్దబిడ్డ లేచి "ఉండాం" అనాలి. చిన్నది రాకపోయినా సరే, "ఉండాం" అనే అనాలి. అన్న వెంటనే బయటికి పోయి, ఆ బిడ్డ ఎక్కడున్నా వెతికి పట్టుకొని రావాలి. పెద్దవాడు రాకపోతే చిన్నవాడు పలికి వాణ్ణి తేవాలి.

మా అత్తగారికి ఇది విని నవ్వాగలేదు. "లేనోణ్ని ఉండాడు అనమని నేర్పే అయ్యోరిని ఈయన్నే చూస్తుండా."

నాకూ నచ్చలేదు. ఒకనాడు బడి దగ్గర అడిగేశాను. "ఇది అబద్ధం నేర్పినట్టు కాదాండీ?"

"కాదమ్మా," అన్నారాయన. "వాడు వస్తాడని వీడు మాటిస్తున్నాడు. మాటిచ్చినవాడు తెచ్చి చూపిస్తున్నాడు. నేను పదిసార్లు తిరిగినా రాని పిల్లలు జోడీ వచ్చి పిలిస్తే వస్తున్నారు. మీరు రేపు పొద్దున వచ్చి చూడండి."

నేను చూడలేదు కానీ ఇన్‌స్పెక్టరు గారు చూశారు. ముందు చెప్పకుండా ఒకనాడు పొద్దున్నే జట్కాలో వచ్చి దిగారట. అప్పుడే జోడీలను పిలవడం అయింది. అందరూ ఉన్నారని పలికారు. చాపల మీద చూస్తే సగం మంది లేరు. ఇన్‌స్పెక్టరు గారి కళ్లు ఎర్రబడ్డాయట. అయ్యవారు తన కుర్చీ ఆయనకు వేసి, "కాస్త కూర్చోండి సార్, వస్తుండారు," అన్నారట. ఆయన కాఫీ తాగేలోపల ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకడిని ఇద్దరు ఆడపిల్లలు చెరో రెక్క పట్టుకొని ఈడ్చుకొచ్చారు. ఇంకొకడు మేకపిల్లతో సహా వచ్చాడు. చివరిగా ఒకడు నడుం దాకా తడిసి, భుజాన వలతో వచ్చి నిలబడ్డాడు. వాడి ముందు మా కొడుకు.

"ఈణ్ని చెరువులోంచి తెచ్చినా సార్," అన్నాడట మావాడు ఇన్‌స్పెక్టరు గారితో, చేపను పట్టి తెచ్చినట్టు. ఆయన నవ్వి, పోయేముందు అయ్యవారి భుజం తట్టి వెళ్లారట.

ఆ వలతో వచ్చినవాడే మావాడి జోడీ. చెరువు కింది పల్లె వాడు. పన్నెండేళ్లు ఉంటాయి. ఆలస్యంగా చేరి నాలుగో తరగతిలో ఉన్నాడు. తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. చెరువులో నీళ్లున్న నెలల్లో తల్లీ కొడుకూ చేపలు పడతారు. మొదట్లో మా అత్తగారు ఒప్పుకోలేదు. "మన బిడ్డ చెయ్యి తీసకపోయి వాడి చేతిలో పెడతారా?" అన్నారు. మనసులో నేనూ ఆ మాటే అనుకున్నాను. కానీ ఆ పిల్లవాడు రోజూ మా వాకిట్లోకి వచ్చి "రారా కొరమీనా!" అని పిలిచేవాడు. అంతకుముందు బడి అంటే తలుపు వెనక దాక్కునే నా కొడుకు, ఆ పిలుపు వినగానే ముఖం కడగకుండా పరుగెత్తేవాడు.

ఏడాదంతా ఆ బడిలో ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. పెరట్లో జోడీకొక పాదు ఇచ్చారు. కూరగాయలు కాస్తే వంతులవారీగా ఇళ్లకు పంచారు. "చదువుకోను పంపిస్తే బీరకాయలు తెచ్చినారు!" అని మా అత్తగారు అంటూనే, ఆ బీరకాయలు పచ్చడి చేసి వీధంతా పంచి పెట్టారు. కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే వీధికి పిల్లలను తీసుకుపోయి రోజంతా కూర్చోబెట్టారు. మరుసటి వారం నుంచి అక్కడి పెద్దాయన ఒకరు శనివారం బడికి వచ్చి ఉలి పట్టుకోవడం నేర్పారు. నా కూతురు చెక్కిన మొదటి చెంచాతో తాగితే మజ్జిగంతా గడ్డం మీద కారింది. మూడోది బాగా కుదిరింది. ఇప్పటికీ మా ఉప్పు డబ్బాలో ఉంది.

బడిలో ఒక మూల ఒక బల్ల వేశారు. ఎవరికి ఏ వింత దొరికినా తెచ్చి దాని మీద పెట్టాలి. పాము కుబుసం, గిజిగాడి గూడు, పెన్న ఇసుకలో దొరికిన గవ్వలు, లోపల పురుగు నిద్రపోతున్న కొమ్మ. పెట్టినవాళ్లు దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. మాటలు రాని పిల్లలు కూడా ఆ బల్ల ముందు నిలబడి మాట్లాడటం నేను కిటికీలోంచి చూశాను. మాకు మద్రాసు కాలేజీలో గాజు బీరువాల్లో ఇలాంటివి ఉండేవి. వాటికి తాళం వేసి ఉండేది.

కార్తీకంలో పెన్న నిండుగా పారుతుంటే అయ్యవారు పిల్లలను సంగం ఆనకట్ట చూపించడానికి బస్సులో తీసుకువెళ్తానన్నారు. కూతుర్ని పంపాను. కొడుకును పంపలేదు. నది, ఆనకట్ట, ఆరేళ్ల పిల్లవాడు. ఈ మూడూ కలిపి ఊహించలేకపోయాను. ఆ పొద్దున వాడు అన్నం మూట పట్టుకొని అరుగు మీద మూతి ముడుచుకొని కూర్చున్నాడు. కాసేపటికి చూస్తే పక్కన వాడి జోడీ కూర్చొని ఉన్నాడు.

"బస్సు పోలేదా?" అన్నాను.

"పోయింది."

"నువ్వు పోలేదేం?"

"నా జోడీ ఈడుంటే నేను ఆడికెట్ల పోతానమ్మా?" అన్నాడు. కోపం ఏమీ లేదు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు అన్నాడు. ఇద్దరూ ఆ మూటలోని అన్నం అరుగు మీదే తిన్నారు. సాయంత్రం నా కూతురు వచ్చి, "నీళ్లు దూకుతుంటే అయ్యోరి గొంతు గూడా ఇనపళ్లేదమ్మా! చేతులూపి పాఠం చెప్పినాడు!" అని చెబుతుంటే వాళ్లిద్దరూ నోరు తెరుచుకొని విన్నారు. మర్నాడు బడి ముంగిట్లో పిల్లలంతా ఇసుకతో పెన్నను కట్టి, అడ్డంగా ఆనకట్ట పెట్టి, కాలువలు తీసి, బిందెలతో నీళ్లు వదిలారు. ఆ పిల్లవాడు సంగం పోకుండానే అందరికంటే బాగా కాలువ తీశాడు. నాకు మాత్రం వాడు ఆనకట్ట చూడలేకపోయింది నా భయం వల్లేనని మనసులో ఉండిపోయింది.

అందుకే మాఘమాసంలో దుర్గం ప్రయాణం అన్నప్పుడు కాదనలేకపోయాను. ఆపై వారమే ఆత్మకూరు హైస్కూలు ఆవరణలో చుట్టుపక్కల బడులకు పోటీలు. మా బడి అంతవరకూ ఏ పోటీకీ పోలేదు. డ్రిల్లు, పాట, చేతిపని, పరుగు అన్నింటికీ పిల్లలు తయారవుతున్నారు. కొండెక్కితే కాళ్లు గట్టిపడతాయన్నారు అయ్యవారు. సరే అన్నాను. నేను పంపుతున్నానని తెలిసి, వెనకాడుతున్న తల్లులు కూడా పంపారు.

ఆ సాయంత్రం గుమ్మం దగ్గర కొరమీను పేరుకు ఎవరూ పలకకపోయేసరికి అయ్యవారు పిల్లలను గట్టిగా అడగలేదు. మెల్లగా అడిగారు. "పైన రెండో వాకిలి కాడ పిలిచినప్పుడు కొరమీను పలికింది గదా?"

వాళ్ల ముందు నడిచిన పిల్ల ఒకతె చెప్పింది. "పలికినాడు అయ్యోరూ. ఉండాం అన్నాడు. అని ఎనక్కి ఉరికినాడు, చిన్నోడు దొన కాడుండాడు తెస్తా అని."

దొన అంటే కొండ మీద బండల్లో వాననీళ్లు నిలిచే గుంట. కొన్ని మోకాలి లోతు ఉంటాయి, కొన్నింటికి లోతు ఎంతో తెలియదు.

అప్పుడు నాకు అర్థమైంది. మావాడు ఎప్పుడో వెనకబడ్డాడు. ఆ పిల్లవాడు రోజూ బడిలో చేసినట్టే చేశాడు. లేని వాడి తరఫున పలికి, తేవడానికి పోయాడు. అయ్యవారు అందరూ ఉన్నారనుకొని దిగారు. ఊళ్లో మంచి చేసిన పద్ధతే కొండ మీద ఇద్దరు పిల్లలను వదిలేసింది.

అయ్యవారికి కూడా అదే క్షణంలో అర్థమై ఉంటుంది. "వాడి తప్పు కాదు. నేను నేర్పిందే చేసినాడు," అన్నారు. పిల్లలందరినీ తల్లుల దగ్గర కూర్చోబెట్టి, ఎవరూ కదలకూడదని చెప్పారు. కట్టెల మోపులతో దిగుతున్న ఇద్దరు మనుషులను పిలుచుకొని, చెప్పులు అక్కడే విడిచి పైకి నడిచారు.

నేనూ వెనకే బయలుదేరాను. ఎవరో చీర కొంగు పట్టుకొని ఆపబోయారు. నా ముందు ఇంకో ఆడమనిషి ఎక్కుతోంది. ఆ పిల్లవాడి తల్లి. కూలి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కాళ్లకు మడి బురద ఇంకా ఆరలేదు. నేను నాలుగు మెట్లెక్కి రొప్పుతుంటే ఆమె నిలబడి నాకోసం చూసింది.

"గస పెట్టుకోబాకమ్మా. నిదానంగా రా."

"దొన దగ్గర ఉన్నారంట," అన్నాను.

"నీళ్ల కాడ నా కొడుక్కి ఏం గాదు. నీ కొడుక్కి గాకుండా వాడు చూసుకుంటాడు."

"మీకు భయం లేదా?"

"ఎందుకుండదు? ఉండాది." కొంగుతో ముఖం తుడుచుకొంది. "భయముండాదని కూసుంటే కూలికెవరు పోతారమ్మా? పొద్దున పోతా, వాణ్ని ఒదిలేసి పోతా. సందేళ వచ్చినాక వాడుంటే ఆరోజుకి సరిపోయినట్టు." అంటూనే నడక ఆపలేదు. చేయి పట్టుకొని నన్ను పెద్ద బండ ఎక్కించింది. అరచేయి గరుకుగా, వేడిగా ఉంది. అంతవరకూ నేను ఆమెతో ఒక్కసారైనా మాట్లాడలేదు.

మొదటి వాకిలి దాటేసరికి వెలుతురు తగ్గింది. పైన అయ్యవారి ఈల వినిపిస్తోంది. ఈల వేసి ఆగుతున్నారు, మళ్లీ వేస్తున్నారు. మాకు జవాబేమీ వినపడలేదు. దొనలో తేలుతున్న చిన్న చొక్కా ఒకటి నా కళ్ల ముందు కదలకుండా నిలబడింది. దేవుళ్ల పేర్లు కూడా గుర్తుకు రాలేదు.

అప్పుడు పై మలుపు నుంచి ఒక గొంతు వినిపించింది.

"మూడు ఐదులు?"

సమాధానంగా ఒక వెక్కు.

"ఏంది? కాలు బెణికితే ఎక్కం గూడా పోయిందా? మూడు ఐదులు ఎంతరా?"

"పదిహేను," అన్నాడు నా కొడుకు, ఏడుపు గొంతుతో.

"మూడు ఆర్లు?"

నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆ తల్లి నా పక్కన నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

మలుపు తిరిగి వచ్చారు. ఆ పిల్లవాడి వీపు మీద మావాడు. వాడి కాలికి చొక్కా గుడ్డతో కట్టు ఉంది. ముందు కట్టెల మనుషులు దారి చూపిస్తున్నారు, వెనక అయ్యవారు. తర్వాత మాకు తెలిసింది ఇదీ: అయ్యవారి ఈల విని ఆ పిల్లవాడు కిందికి వస్తూ ఎదురుపడ్డాడు. అయ్యవారిని చూడగానే వాడన్న మొదటి మాట, "ఉండాం అయ్యోరూ." అయ్యవారు ఎత్తుకుంటానంటే, "నా జోడీ, నేనే తెస్తా," అని ఇవ్వలేదట.

మావాడు చేతులు ఖాళీ చేసుకొంది చేపను పట్టడానికి. దొనలో చిన్న చేపలు తిరుగుతుంటే, బడిలో వింతల బల్ల మీద గాజు గ్లాసులో పెట్టాలనుకున్నాడు. అందరూ బయలుదేరాక ఒక్కడే వెనక్కి పోయాడు. పాచి మీద జారి నడుం దాకా దిగాడు. బండ అంచు చేతికి దొరికింది. జోడీ వచ్చేదాకా దాన్ని పట్టుకొని ఉన్నాడు. కాలు బెణికింది, మడమ కోసుకుపోయింది. ఇంకొంచెం పక్కకు జారి ఉంటే అన్న సంగతి నేను ఇప్పటికీ పూర్తిగా ఆలోచించను.

ఆ పిల్లవాడు మావాణ్ణి నా ఒళ్లోకి దించాడు. వాడి తల్లి వాణ్ణి తల నుంచి కాలి దాకా చూసి, వీపు మీద ఒక్కటి చరిచింది. "ఉండేది ఒక చొక్కా గదరా! దాన్ని చించి కట్టినావా?"

"ఇంకేం చించాల? నిక్కరా?" అన్నాడు వాడు.

కింద మా అత్తగారు లాంతరు పట్టుకొని నిలబడి ఉన్నారు. మనవడిని ఒళ్లంతా తడిమి చూశాక ఆమె భయం కోపమైంది. "చేపలు పట్టే పిల్లోడికి బిడ్డనప్పగిస్తే నీళ్లలోకి గాక యాడికి తీసకపోతాడు? చాల్లే, ఈ తిరుగుళ్లు. ఆత్మకూరూ వద్దు, ఏమీ వద్దు." కొందరు తల్లులు అవునన్నారు. మిగిలినవాళ్లు నా వైపు చూశారు. నేను పంపితేనే తామూ పంపుతామన్నారు. ఆ పిల్లవాడు తల్లి వెనక్కి జరిగి నిలబడ్డాడు. నేను కొడుకు తలను గుండెకు అదుముకొని ఉండిపోయాను.

అయ్యవారు ఒక్కసారి కూడా తనను సమర్థించుకోలేదు. "తప్పు నాదేనమ్మా," అని అందరి ముందూ అన్నారు. తర్వాత పిల్లల వైపు తిరిగారు. అంత అలసటలోనూ వాళ్లకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు. "ఇనండి. బళ్లో లేనోడికి పలకాల, పోయి తేవాల. అది మారదు. ప్రయాణంలో మాత్రం ఉన్నోడే పలకాల. లేకపోతే లేడని అరవాల, నేనొచ్చేదాకా అరస్తానే ఉండాల. తెలిసిందా?" తెలిసిందన్నారు పిల్లలు. ఆయన తల్లులతో, "ఆత్మకూరుకి పంపేదీ మానేదీ మీ ఇష్టం. ఎవరూ రాకపోయినా నేను పోతాను. మా బడి రాలేదని నా నోటితో చెప్పి వస్తాను," అన్నారు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఆ రోజు తగ్గవలసింది. తగ్గలేదు. తమ పద్ధతిలో తప్పు కనిపిస్తే దాన్ని దాచినవాళ్లను చూశాను, పద్ధతినే పారేసినవాళ్లనూ చూశాను. తప్పు ఉన్న చోట మాత్రం దిద్ది మిగతాది నిలబెట్టినవాళ్లను ఎక్కువ మందిని చూడలేదు.

మర్నాడు పొద్దున పసుపు పట్టు వేసి కొడుకు కాలు కడుతున్నాను. వాకిట్లో అలికిడయింది. పిలుపు వినపడలేదు. చూస్తే ఆ పిల్లవాడు గడప బయట నిలబడి ఉన్నాడు. లోపలికి రావాలో వద్దో తెలియక కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు.

మా అత్తగారు ముందు చూశారు. "ఏందిరా, మళ్లీ వచ్చినావు?"

"జోడీని తీసకపోను వచ్చినా అవ్వా."

"వాడు నడవలేడని తెలీదా?"

"మోస్తా."

"మోసి యాడన్నా పడేస్తావు."

"నిన్న పడెయ్యలా గదవ్వా, అంత కొండ మీంచి," అన్నాడు వాడు.

మా అత్తగారు ఎవరినో తిడుతున్నట్టు గొణుక్కుంటూ వంటింట్లోకి పోయి, రెండు జొన్నరొట్టెలు తెచ్చి వాడి చేతిలో పెట్టారు. "మోసేవోడికి సత్తవుండొద్దూ," అన్నారు, నా వైపు చూడకుండా.

పిల్లలిద్దరూ నా ముఖంలోకి చూస్తున్నారు. పలకల సంచి భుజాన వేసుకొని నా కూతురు అడిగింది. "అమ్మా, ఆత్మకూరుకి మేం పోతామా, పోమా? దోవలో అందరూ నన్నే అడుగుతారు."

"పోతారు," అన్నాను. "అడిగిన వాళ్లకి చెప్పు, మేమిద్దరం పోతున్నాం అని. బస్సు కిటికీలోంచి చేతులు బయట పెట్టొద్దు. దారిలో అమ్మేవి తినొద్దు. మరచెంబులో నీళ్లే తాగండి. నీళ్లు ఎక్కడ కనిపించినా గట్టున నిలబడి చూడాలి, దిగకూడదు. చేప కాదు, బంగారం కనిపించినా దిగకూడదు. వెనక్కి పోవాలంటే అయ్యవారికి చెప్పి పోవాలి."

"నువ్వు గూడా వస్తావా అమ్మా?" అన్నాడు కొడుకు.

"రాను. నేను వస్తే మీరు నన్నే చూస్తుంటారు, అయ్యవారి మాట వినరు. నాకు భయంగానే ఉంటుంది. ఉంటే ఉండనీ. మీరు పోయి రండి, వచ్చి అన్నీ చెప్పండి. ఇప్పుడు మాత్రం ఆ కాలు ఆడించకుండా, నీ జోడీ వీపెక్కి మెడ గట్టిగా పట్టుకో. గొంతు నొక్కేట్టు కాదు, భుజాల మీదుగా. ఆఁ, అట్లా."